బర్మా వెళ్ళిన తాత జాడ: విదేశంలోని సైనిక సమాధి నుంచి ఓరుగల్లు పల్లె దాకా

హనుమకొండ, పరకాల, జనగామ, మంథని చుట్టుపక్కల ఊళ్ళలో పెద్దవాళ్ళను కదిలిస్తే చాలామంది ఒకే రకం మాట చెబుతారు: "పటాలంలో చేరాడు, బర్మా వెళ్ళాడు, మళ్ళీ రాలేదు." కొన్ని ఇళ్ళలో బర్మా స్థానంలో బస్రా ఉంటుంది, కొన్నింట్లో సింగపూర్. మా నాయనమ్మ అన్న కూడా అలాగే వెళ్ళిపోయారు. ఆయన ఫొటో లేదు, ఆయనను చూసినవాళ్ళు ఇప్పుడు లేరు. ఆయన కోసం వెతికే క్రమంలో నేను నేర్చుకున్న పద్ధతిని, ఇదే పనికి పూనుకున్నవారికి వరుసగా చెప్పాలని ఇది రాస్తున్నాను.

ముందుగా ఒక హెచ్చరిక. నేను పేరు పట్టుకుని ఏడాది పాటు వెతికాను, ఏమీ దొరకలేదు. పాత మనియార్డరు ముక్క మీద సైనికుడి నంబరు కనిపించిన రోజు సాయంత్రానికే ఆయన దొరికారు. తెలుగు తెలియని గుమాస్తా చెవికి ఎలా వినబడితే అలా రాసుకున్నదే సైనిక రికార్డులోని పేరు. నంబరు, దళం, తేదీ మాత్రం సైన్యం తన అవసరం కోసం జాగ్రత్తగా రాసుకున్నవి. జీతం వాటి మీదే నడిచింది, రేషను వాటి మీదే నడిచింది. అందుకే ఈ మూడింటిలో ఏ ఒక్కటి చేతికి వచ్చినా పేరు కంటే దాన్నే గట్టిగా పట్టుకోండి.

మొదటి అడుగు: ఇల్లంతా వెతకడం

కంప్యూటర్ ముందు కూర్చోవడానికి ముందు కనీసం రెండు వారాలు బంధువుల ఇళ్ళకు కేటాయించండి. చనిపోయిన సైనికుడి కాగితాలు తరచుగా మన ఇంట్లో ఉండవు. అవి అప్పట్లో పింఛను అందుకున్న వ్యక్తి ఇంట్లో ఉంటాయి. ఆ పింఛను భార్యకు వచ్చిందా, తల్లికి వచ్చిందా అని అడగండి. భార్య మళ్ళీ పెళ్ళి చేసుకుని వేరే ఊరికి వెళ్ళి ఉంటే కాగితాల సంచి కూడా ఆమె వెంట వెళ్ళి ఉండవచ్చు. ఆ కుటుంబం దగ్గరకు మర్యాదగా, ఆస్తి గొడవ కాదని మొదటే చెప్పి వెళ్ళండి.

వెతకవలసినవి: పింఛను పుస్తకం, మనియార్డరు రసీదులు, సైనిక ముద్ర ఉన్న ఉత్తరాలు, పతకాలు, టెలిగ్రాం. సిపాయి రాసిన ఉత్తరం మీద పంపినవారి చిరునామాలో సాధారణంగా నంబరు, హోదా, పేరు, కంపెనీ ఉంటాయి. ఊరి పేరు కనిపించదు. యుద్ధకాలంలో సైన్యం ఎక్కడ ఉందో రాయనిచ్చేవారు కాదు.

మొదటి ప్రపంచ యుద్ధంలో చనిపోయినవారి కుటుంబాలకు సుమారు 12 సెంటీమీటర్ల వెడల్పున్న గుండ్రటి కంచు ఫలకం ఇచ్చారు. దాని మీద ఒక స్త్రీమూర్తి, సింహం, సైనికుడి పేరు ఉబ్బెత్తు అక్షరాల్లో ఉంటాయి. హోదా ఉండదు, దళం ఉండదు. ఇంట్లో పాత సామాన్ల మధ్య అలాంటిది కనిపిస్తే కరిగించే కంచు కింద అమ్మనివ్వకండి. ఆ యుద్ధపు పతకాల అంచు చుట్టూ మాత్రం నంబరు, హోదా, పేరు, దళం సన్నగా చెక్కి ఉంటాయి. పతకాన్ని తోమవద్దు. వెలుతురులో వంచి, అంచును ఫోనుతో దగ్గరగా ఫొటో తీస్తే చదవవచ్చు.

కాగితం ఏమీ లేకపోతే ఆచారం వైపు చూడండి. పెత్రమాస (పితృ అమావాస్య) నాడు ఎవరెవరి పేరున బియ్యం ఇస్తారో ఇంటి పెద్దామెను అడగండి. వంశవృక్షంలో ఎవరూ రాయని పేరు ఆ రోజు నోటి నుంచి వస్తుంది. కొన్ని ఇళ్ళలో ఏటా తిథి ప్రకారం తద్దినం పెడతారు. ఆ తిథి చనిపోయిన రోజుదా, వార్త అందిన రోజుదా అన్నది తప్పక అడగాలి. శవం రాని చావుకు చాలామంది వార్త తెలిసిన రోజునే కర్మ మొదలుపెట్టారు. ఆ రెండింటి మధ్య నెలలు గడిచి ఉండవచ్చు.

నిజాం కాలపు కాగితాల మీద తేదీ ఫసలీలో, అంటే ఆనాటి రెవెన్యూ సంవత్సర లెక్కలో ఉంటుంది. దానికి 590 కలిపితే ఆ ఫసలీ సంవత్సరం మొదలైన ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది. హైదరాబాద్ రాజ్యంలో ఫసలీ ఏడాది అక్టోబరులో, ఆజుర్ నెలతో మొదలయ్యేది. కాబట్టి 1353 ఫసలీ అంటే 1943 అక్టోబరు నుంచి 1944 అక్టోబరు దాకా. ఈ లెక్క తెలియక కాగితం పనికిరాదని పక్కన పెట్టినవాళ్ళు ఉన్నారు. కాగితం ఉర్దూలో ఉంటే ఊళ్ళో ఉర్దూ చదివిన పెద్దవారి దగ్గరకు తీసుకువెళ్ళండి. చేతిరాత ఉర్దూను ఫోనులోని అనువాద యాప్‌తో చదివించి నమ్మడం మంచిది కాదు.

రెండో అడుగు: ఊరిని ఆనాటి పటంలో పెట్టడం

ఇప్పటి జిల్లా పేరుతో వెతికితే ఏమీ రాదు. ఆనాటి రికార్డులో హనుమకొండ, మహబూబాబాద్, ములుగు, జనగామ జిల్లాలు లేవు. ఖమ్మం 1953లో వేరు పడేదాకా వరంగల్ జిల్లాలోనే ఉంది కాబట్టి, మధిర వైపు మనిషి కూడా రికార్డులో వరంగల్ జిల్లావాడే. కరీంనగర్‌ను 1905 దాకా ఎలగందల్ జిల్లా అన్నారు, నిజామాబాద్‌ను ఇందూరు అన్నారు. అంతకుముందే సైన్యంలో చేరిన మనిషి కాగితాల్లో ఈ పాత పేర్లే ఉంటాయి.

ఒక కాగితం తీసుకుని మీ ఊరికి ఎన్ని రకాల పేర్లు ఉండేవో రాసుకోండి. మహబూబాబాద్‌ను జనం మానుకోట అంటారు. హనుమకొండను ఇంగ్లీషులో హన్మకొండ, హనంకొండ, హనుంకొండ అని మూడు నాలుగు విధాలుగా రాశారు. ఊరి పేరు ఎగిరిపోయి దగ్గరి రైల్వే స్టేషన్ పేరు మాత్రమే మిగిలిన సందర్భాలు కూడా ఉంటాయి. సిపాయి సెలవు మీద ఇంటికి రావాలంటే స్టేషన్ పేరు కావాలి కదా. అందుకే కాజీపేట, డోర్నకల్ వంటి పేర్లను కూడా ఆ జాబితాలో చేర్చండి.

మూడో అడుగు: పేరు ఎలా చెడి ఉంటుందో ఊహించడం

ఇంటిపేరు రికార్డులో ఉంటుందని ఆశించవద్దు. చాలా వరకు ఒకే మాట పేరు, పక్కన తండ్రి పేరు, అంతే. ఆ ఒక్క పేరు కూడా ఎన్ని రూపాల్లో ఉండవచ్చో చూడండి. కొమురయ్య అన్నది కుమారయ్యా, కొమరియా, కమ్రాయా అవుతుంది. ఐలయ్య ఇలియా అవుతుంది. మల్లయ్య చివర 'య్య'ను ఇంగ్లీషులో కనీసం అయిదు రకాలుగా రాయవచ్చు, ఆ అయిదూ రాశారు కూడా. రెడ్డిని, రావును వేరే పేరుగా విడదీసినవాళ్ళూ ఉన్నారు, కలిపేసినవాళ్ళూ ఉన్నారు.

అయినా మన పేర్లలో ఒక మేలు ఉంది. అవి మనుషులను వాళ్ళ నేలకు కట్టిపడేస్తాయి. కొమురయ్య కొమురవెల్లి మల్లన్న పేరు, ఐలయ్య ఐలోని మల్లన్న పేరు, ఓదెలు ఓదెల మల్లన్న పేరు, రాజయ్య వేములవాడ రాజన్న పేరు. సమ్మయ్య, సారయ్య అనే పేర్లు వినగానే మేడారం గుర్తుకు రావాలి. విదేశంలోని స్మారకం గోడ మీద వందల పేర్ల మధ్య ఎంత వంకర రాతలోనైనా ఓదెలు అనే పేరు కనిపిస్తే, ఊరి పేరు లేకపోయినా అతడు ఏ దిక్కు మనిషో మనకు తెలుస్తుంది. ఈ పని లండన్‌లో కూర్చున్న ఏ నిపుణుడి వల్లా కాదు. ఇక్కడ మీరే నిపుణులు.

నాలుగో అడుగు: కమిషన్ జాబితాలో వెతకడం

ఇప్పుడు కామన్‌వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ వెబ్‌సైటుకు వెళ్ళండి. 1917లో ఇంపీరియల్ వార్ గ్రేవ్స్ కమిషన్ పేరుతో ఏర్పడిన ఈ సంస్థ, రెండు ప్రపంచ యుద్ధాల్లో చనిపోయిన సుమారు 17 లక్షల మంది పేర్లను చూసుకుంటోంది. జాబితాలో వెతకడం ఉచితం. ఇందుకు డబ్బు అడిగే మధ్యవర్తుల అవసరం మీకు లేదు.

కమిషన్ పరిధిలోకి వచ్చే తేదీలు గుర్తుంచుకోండి: 1914 ఆగస్టు 4 నుంచి 1921 ఆగస్టు 31 వరకు, 1939 సెప్టెంబరు 3 నుంచి 1947 డిసెంబరు 31 వరకు. ఈ మధ్యకాలంలో సైన్యంలో ఉండగా గుండు తగిలి పోయినా, మలేరియాతో పోయినా, లారీ బోల్తాపడి పోయినా జాబితాలో ఉండాలి. 1948 సెప్టెంబరులో నిజాం సైన్యంలో చనిపోయినవారు ఇందులో రారు.

సాధారణ వెతుకుడు పెట్టె వదిలేసి, వివరంగా వెతికే పేజీ తెరవండి. పేరు తెలిస్తే దాన్ని ఇంటిపేరు గడిలో పెట్టండి, మొదటి పేరు గడి ఖాళీగా వదలండి. ఒకే మాటగా ఉన్న భారతీయ పేర్లను అక్కడే నమోదు చేశారు. పేరుతో రాకపోతే రెండు పేరు గడులూ ఖాళీగా వదిలేయండి. ఏ సైన్యం అన్న చోట ఇండియన్ ఎంచుకుని, యుద్ధం ఎంచుకుని, అదనపు సమాచారం అనే గడిలో వరంగల్ అనో, కరీంనగర్ అనో, మీరు రాసుకున్న పాత పేర్లలో ఒకటో పెట్టండి. ఫలానావారి కుమారుడు, ఫలానా ఊరు, హైదరాబాద్ అని ఉండే ఆ గడిలోనే తండ్రి పేరు, ఊరు దొరుకుతాయి. నంబరు తెలిస్తే ముందు దానితోనే వెతకండి. నంబరు ముందు ఇంగ్లీషు అక్షరాలు ఉంటే వాటితో ఒకసారి, అవి తీసేసి ఒకసారి ప్రయత్నించండి. ఒకే నంబరు రెండు మూడు వేర్వేరు దళాల్లో ఉంటుంది కాబట్టి దళంతో పోల్చి చూడకుండా సంతోషపడవద్దు.

ఫలితాలను పట్టికగా దించుకుని, ప్రతి పేరునూ గట్టిగా పైకి చదవండి. నిజంగానే పైకి చదవండి. కళ్ళకు అర్థం కాని స్పెల్లింగు చెవికి అర్థమవుతుంది. ఆ గుమాస్తా చెవితో విని రాశాడు, మనమూ చెవితోనే తిరిగి పట్టుకోవాలి.

అయిదో అడుగు: సమాధి అంటే ఏమిటో తెలుసుకోవడం

మనిషి దొరికాక చాలామంది నిరాశపడేది ఇక్కడే. సమాధి ఫొటో చూద్దామనుకుంటే రికార్డులో ఒక గోడ పేరు, స్తంభం నంబరు కనిపిస్తాయి. దీని అర్థం ఆయనను పట్టించుకోలేదని కాదు. హిందువులను, సిక్కులను వీలైనచోట దహనం చేశారు. అలా దహనమైనవారి పేర్లు దహన స్మారకాల మీద ఉంటాయి. శరీరం దొరకనివారి పేర్లు పెద్ద స్మారకాల మీద ఉంటాయి. రంగూన్‌కు ఉత్తరాన సుమారు 35 కిలోమీటర్ల దూరంలో ఉన్న తౌక్యాన్‌లో ఈ రెండూ ఉన్నాయి. అక్కడి రంగూన్ స్మారకం మీద దాదాపు 27,000 పేర్లు, పక్కనే ఉన్న దహన స్మారకం మీద వెయ్యికి పైగా పేర్లు ఉన్నాయి. సింగపూర్‌లోని క్రాంజిలో పెద్ద స్మారకం మీద 24,000కు పైగా, దహన స్మారకం మీద దాదాపు 800. ఫ్రాన్స్‌లో నవ్ షపేల్ స్మారకం మీద 4,700 మందికి పైగా భారతీయులు ఉన్నారు.

కాబట్టి రికార్డులో దహన స్మారకం అని ఉంటే, అది ఇంట్లోవాళ్ళకు తప్పక చెప్పవలసిన వార్త. ఆయన శరీరం దొరికింది, ఆయనకు చితి పేర్చారు. మా ఇంట్లో ఈ ఒక్క మాట కోసం మూడు తరాలు ఎదురుచూశారు.

పోరు మధ్యలో అందరికీ చితి దొరకలేదు. కొందరు హిందువులకు రాతి సమాధులు ఉన్నాయి, వాటి మీద దేవనాగరిలో 'ఓం భగవతే నమః' అని చెక్కారు. ముస్లింల రాళ్ళ మీద అరబ్బీ అక్షరాలు, క్రైస్తవుల రాళ్ళ మీద సిలువ కనిపిస్తాయి. మన వైపు నుంచి వెళ్ళిన క్రైస్తవుల విషయంలో ఊరి చర్చి బాప్తిస్మ పుస్తకాన్ని కూడా చూడండి. తండ్రి పేరు, పాత పేరు, కొత్త పేరు ఒకేచోట దొరికే అవకాశం అక్కడే ఎక్కువ.

బస్రా కథ వేరు, కొంచెం బాధగానే చెప్పాలి. ఇరాక్‌లోని బస్రా స్మారకం మొదటి యుద్ధంలో ఆ ప్రాంతంలో పోయిన, సమాధి తెలియని 40,000 మందికి పైగా సైనికుల కోసం కట్టారు. బ్రిటిష్ సైనికుల పేర్లు, భారతీయ అధికారుల పేర్లు రాతి మీదకెక్కాయి. భారతీయ సిపాయిలను మాత్రం దళం పేరు కింద ఒక అంకెగా చెక్కారు. వాళ్ళ పేర్లు పుస్తకాల్లో మిగిలి, ఇప్పుడు కమిషన్ జాబితాలో కనిపిస్తున్నాయి. మీ మనిషి పేరు జాబితాలో ఉండి, గోడ ఫొటోలో లేకపోతే కారణం ఇదే.

ఢిల్లీలోని ఇండియా గేట్ మీద లేడని కూడా దిగులుపడకండి. అక్కడ చెక్కినవి సుమారు 13,000 పేర్లు మాత్రమే. అవి ఎక్కువగా వాయవ్య సరిహద్దులో, మూడో అఫ్గాన్ యుద్ధంలో పోయినవారివి.

ఆరో అడుగు: దళం పేరును విప్పడం

ఇక్కడ మనవాళ్ళు ఎక్కువగా తప్పుదారి పట్టేది 'హైదరాబాద్' అన్న మాట దగ్గర. రికార్డులో పంతొమ్మిదో హైదరాబాద్ రెజిమెంట్ అని కనిపించగానే మన మనిషే అనుకుంటాం. ఆ రెజిమెంటుకు ఆ పేరు పాత హైదరాబాద్ కంటింజెంట్ నుంచి వచ్చింది. నిజాం ఖర్చుతో, బ్రిటిష్ అధికారుల కింద నడిచిన ఆ సైన్యం 1903లో బ్రిటిష్ ఇండియా సైన్యంలో కలిసిపోయింది. తర్వాత పేరు మిగిలింది గానీ, మనుషులు ఎక్కువగా కుమావ్ కొండలవాళ్ళు, జాట్లు, అహీర్లు. 1945లో దాన్నే కుమావ్ రెజిమెంట్ అని మార్చారు. ఇప్పటికీ దాని కేంద్రం రాణిఖేత్‌లో ఉంది. అందులో తెలుగువాడు ఉండనే ఉండడని చెప్పను, కానీ ముందు ఊరి పేరు చూసుకోండి.

నిజాం సొంత సైన్యం వేరు. రికార్డులో ఇండియన్ స్టేట్ ఫోర్సెస్ అని, మొదటి యుద్ధకాలంలో ఇంపీరియల్ సర్వీస్ అని కనిపిస్తే అది సంస్థానాల సైన్యం. హైదరాబాద్ ఇంపీరియల్ సర్వీస్ లాన్సర్లు మైసూరు, జోధ్‌పూర్ అశ్వదళాలతో కలిసి 15వ ఇంపీరియల్ సర్వీస్ అశ్వదళ బ్రిగేడ్‌లో ఈజిప్టు, పాలస్తీనాల్లో పనిచేశారు. ఢిల్లీలోని తీన్ మూర్తి దగ్గర నిలబడిన మూడు విగ్రహాల్లో ఒకటి హైదరాబాద్ దళానిదే. రెండో యుద్ధంలో మొదటి హైదరాబాద్ పదాతి దళం మలయాలో కోటా బారు విమానాశ్రయానికి కాపలా ఉంది. 1941 డిసెంబరు 8న జపాన్ సేనలు దిగింది అక్కడే. ఆ దళంలో మీ మనిషి ఉంటే, ఆయన మొదటి రోజు నుంచే ఆ యుద్ధంలో ఉన్నాడు.

మన వైపు సామాన్య రైతు, కూలి కుటుంబాల పిల్లల కోసం మరికొన్ని పేర్లు తప్పక చూడాలి: మద్రాస్ సాపర్స్ అండ్ మైనర్స్ (ఇంజనీరింగ్ దళం), మద్రాస్ రెజిమెంట్, రాయల్ ఇండియన్ ఆర్మీ సర్వీస్ కోర్ (సరఫరా, రవాణా దళం), ఇండియన్ పయనీర్ కోర్ (కూలిపనుల దళం), సైనిక వైద్య దళాలు. హోదా గడిలో సిపాయి ఒక్కటే ఉండదు. సాపర్, డ్రైవర్, పయనీర్, వంటవాడు, భిస్తీ (నీళ్ళు మోసేవాడు), పాకీపనివాడు అని కూడా ఉంటుంది. తాత తుపాకీ పట్టలేదని తెలిసి చిన్నబుచ్చుకున్న మనవలను చూశాను. బర్మా అడవిలో కంచరగాడిదల మీద మందుగుండు మోసినవాడు, రోడ్డు వేసినవాడు లేకుండా ఒక్క పటాలం కూడా ముందుకు కదల్లేదు. ఆ మాట ఇంట్లోవాళ్ళకు గట్టిగా చెప్పండి.

ఏడో అడుగు: తేదీని చదవడం

చనిపోయిన తేదీని పక్కన పెట్టుకుని, ఆ దళం ఆ రోజు ఎక్కడుందో తెలుసుకుంటే జీవితంలో సగం తెలుస్తుంది. 1914 నవంబరు మొదటి వారం, తూర్పు ఆఫ్రికా అయితే టాంగా పోరు. 1918 అక్టోబరు, నవంబరు నెలలైతే గాయం కంటే ఇన్‌ఫ్లుయెంజా జ్వరాన్ని ముందు అనుమానించండి. 1941 ఫిబ్రవరి, మార్చి నెలలు, ఎరిత్రియా అయితే కెరెన్ కొండలు. 1944 వసంతంలో ఇటలీ అయితే కసీనో, అదే కాలంలో మణిపూర్ సరిహద్దు అయితే ఇంఫాల్, కోహిమా.

1942 ఫిబ్రవరి 15 అన్న తేదీ కనిపిస్తే ఆగి ఆలోచించండి. సింగపూర్ లొంగిపోయిన రోజు అది. ఆ రోజున వేలాది భారతీయ సైనికులు జపాన్ చేతికి చిక్కారు. జాడ తెలియని మనిషికి చివరిసారి తెలిసిన తేదీనే మరణ తేదీగా రాసి ఉండవచ్చు. ఖైదీలలో కొందరిని న్యూగినీ దాకా పనికి తరలించారు, కొందరు ఆజాద్ హింద్ ఫౌజ్‌లో చేరారు. ఇంట్లో "నేతాజీతో వెళ్ళాడు" అన్న మాట వినిపించి, రికార్డులో ఈ తేదీ కనిపిస్తే రెండింటినీ రాసుకోండి. ఒకటి నిజమని రెండోదాన్ని కొట్టివేయకండి. ఢిల్లీలోని నేషనల్ ఆర్కైవ్స్‌లో ఆజాద్ హింద్ ఫౌజ్ దస్త్రాలు ఉన్నాయి.

ఎనిమిదో అడుగు: రాయి వెనక ఉన్న కాగితాలు

కమిషన్ వెబ్‌సైటులో సైనికుడి పేజీ కిందికి వెళితే, చాలామందికి పాత పత్రాల స్కాన్లు కనిపిస్తాయి. సమాధి నమోదు పత్రం ఒకటి, రాతి మీద ఏం చెక్కాలో చెప్పే పత్రం ఒకటి. వీటన్నిటికంటే విలువైనది తరలింపు పత్రం. యుద్ధం ముగిశాక అడవుల్లో, పొలాల్లో విడివిడిగా పూడ్చిన శరీరాలను తవ్వి పెద్ద శ్మశానాలకు చేర్చారు. మొదట ఎక్కడ దొరికిందో పటం సంఖ్యతో సహా ఆ పత్రంలో రాశారు. ఇప్పుడు రాయి ఉన్న చోటు వేరు, ఆయన పడిపోయిన చోటు వేరు. ఆ పడిపోయిన చోటు తెలిసేది దీనితోనే.

ఆ తర్వాత దళం దినచర్య పుస్తకాలు. ప్రతి దళం రోజువారీగా ఎక్కడుందో, ఏం జరిగిందో రాసిన ఆ పుస్తకాలు లండన్ శివారు క్యూలోని నేషనల్ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. మొదటి యుద్ధానివి డబ్ల్యు.ఓ. (వార్ ఆఫీస్) 95 వరుసలో, రెండో యుద్ధానికి మధ్యప్రాచ్యానివి 169లో, ఇటలీవి 170లో, బర్మా, మలయావి 172లో వెతకండి. మీకు కావలసింది ఒక్క నెల పేజీలే. నెల, దళం స్పష్టంగా రాసి నకలుకు ఎంత అవుతుందో ముందు అడగండి. ఎవరికైనా శౌర్య పతకం వచ్చిందని ఇంట్లో అనుకుంటే అదే చోట డబ్ల్యు.ఓ. 373 వరుసలో సిఫారసులు ఉంటాయి.

దినచర్యలో బ్రిటిష్ అధికారి చనిపోతే పేరు రాస్తారు. సిపాయి చనిపోతే పేరు రాయరు. "ఐ.ఓ.ఆర్. 2 మృతి" అని ఉంటుంది. ఇండియన్ అదర్ ర్యాంక్స్ అన్నదానికి పొట్టి రూపం అది. తేదీ సరిపోయి, కమిషన్ జాబితాలో అదే దళం నుంచి ఆ రోజు ఇద్దరే ఉంటే, ఆ ఇద్దరిలో ఒకరు మీవారు. రెండో పేరును కూడా రాసిపెట్టుకోండి. ఎక్కడో తమిళనాడులోనో, కోస్తాలోనో ఆ ఇంటివాళ్ళు కూడా వెతుకుతూ ఉండవచ్చు.

తొమ్మిదో అడుగు: మన దేశంలోని దస్త్రాలు

సైన్యంలో ఎప్పుడు చేరాడు, ఎత్తెంత, వారసుడు ఎవరు అన్నవి సేవా పత్రాల్లో ఉంటాయి. అవి లండన్‌లో ఉండవు. ఆ దళానికి వారసులైన నేటి రికార్డు కార్యాలయాలకు రాయాలి. మద్రాస్ రెజిమెంట్ కేంద్రం నీలగిరుల్లోని వెల్లింగ్టన్‌లో, మద్రాస్ సాపర్ల కేంద్రం బెంగళూరులో ఉన్నాయి. దరఖాస్తులో నంబరు, హోదా, దళం, తేదీ, కమిషన్ పేజీ నకలు, మీకు బంధుత్వం ఉందని చూపే కాగితం జతచేయండి. కుటుంబ పింఛను నడిచి ఉంటే ఏదో ఒక పత్రం మిగిలి ఉండే అవకాశం ఎక్కువ. జవాబు రాకపోతే సమాచార హక్కు చట్టం కింద 10 రూపాయల రుసుముతో అడగండి. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం కూడా లేఖ రాయడంలో సాయం చేస్తుంది.

నిజాం సైన్యం మనిషి అయితే హైదరాబాద్ తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌కు వెళ్ళండి. ఉర్దూ, ఫారసీ దస్త్రాలు అక్కడే ఉన్నాయి. ఫసలీ సంవత్సరం, దళం పేరు ఉర్దూలో రాయించుకుని వెళితే సిబ్బందికి వెతకడం తేలిక. ఢిల్లీలోని యునైటెడ్ సర్వీస్ ఇన్‌స్టిట్యూషన్‌లో సైనిక చరిత్ర కేంద్రం ఉంది. మొదటి యుద్ధం గురించి అడిగేవారికి అదొక మంచి దారి.

ఎక్కడా పేరు లేకపోతే

ఇలా జరిగేది మీకొక్కరికే కాదు. 2021లో కమిషన్ తనే వేసుకున్న విచారణ సంఘం, మొదటి యుద్ధంలో కనీసం 1,16,000 మంది, బహుశా 3,50,000 మంది దాకా పేరు లేకుండానో, అసలు గుర్తింపే లేకుండానో మిగిలిపోయారని ఒప్పుకుంది. వాళ్ళలో ఎక్కువమంది ఆఫ్రికా, ఆసియా, మధ్యప్రాచ్యాలకు చెందినవారు. అలా మిగిలిపోయినవారి పేర్లను ఆధారాలతో పంపితే కమిషన్ పరిశీలిస్తుంది. కావలసింది రెండు రుజువులు: సైన్యంలో ఉన్నట్టు, పైన చెప్పిన తేదీల మధ్య చనిపోయినట్టు. పింఛను పుస్తకం ఒక్కటే రెండూ చూపవచ్చు. స్కాన్లు పంపండి, అసలు కాగితాన్ని ఎప్పుడూ పోస్టులో పెట్టకండి.

పేరు ఉండి తప్పుగా ఉంటే, తండ్రి పేరు, ఊరు లేకపోతే ఆ దిద్దుబాటు కూడా అడగవచ్చు. మేం మా ఊరి పేరు చేర్చమని రాసినప్పుడు, ఒక్క వాక్యానికి మూడు పత్రాలు జతచేశాం. అంత పట్టింపు అవసరమే.

చివరి అడుగు: అక్కడికి వెళ్ళడం, లేదా ఎవరినైనా పంపడం

శరీరాన్ని తీసుకురావడం కుదరదు. ఎక్కడ పడినవారిని అక్కడే ఉంచాలన్నది కమిషన్ మొదటి నుంచి పాటిస్తున్న నియమం, సైన్యాధికారి అయినా సిపాయి అయినా అంతే. వెళ్ళగలిగినవారికి సింగపూర్ తేలిక. క్రాంజి మెట్రో స్టేషన్‌కు శ్మశానం దగ్గరే. మయన్మార్ ప్రయాణానికి ముందు అక్కడి పరిస్థితులు కనుక్కోండి. వెళ్ళలేనివారు వార్ గ్రేవ్స్ ఫొటోగ్రాఫిక్ ప్రాజెక్ట్‌ను అడగవచ్చు, లేదా ఆ దేశంలో పనిచేస్తున్న మన ఊరివాళ్ళను. స్తంభం నంబరు, వరుస నంబరు రాసి ఇవ్వండి. వేల పేర్ల గోడ ముందు అవి లేకుండా నిలబడితే గంటలు గడుస్తాయి. ఉదయం ఎండ ఏటవాలుగా పడేటప్పుడు తీస్తే చెక్కిన అక్షరాలు బాగా కనిపిస్తాయి.

ప్రవేశద్వారం దగ్గర చిన్న గూటిలో పేర్ల పుస్తకం, సందర్శకుల పుస్తకం ఉంటాయి. సందర్శకుల పుస్తకంలో ఆయన ఇంటిపేరుతో సహా పూర్తి పేరు, తల్లిదండ్రుల పేర్లు, ఊరి పేరు తెలుగులో రాయమనండి. మావాడు రాసి పంపిన ఆ పేజీ ఫొటోను పెత్రమాస నాడు ఇంట్లో గట్టిగా చదివాం. తర్వాత ఆయన పేరున బియ్యం ఇచ్చాం.